నాలుగున్నర గంటల సీసాలు

ఆ సందులో అన్ని ఇళ్లకూ కిటికీలున్నాయి. దర్జీ ఇంటి పడకగదికి మాత్రం కిటికీ ఉండీ లేనట్టే. లోపలివైపు రెండు పొరల నల్ల కాగితం, అంచులన్నీ బంకతో బిగింపు. కాగితం అంటించిన మర్నాటికల్లా సందులో మూడు కథలు బయల్దేరాయి. దర్జీ లోపల దొంగనోట్లు అచ్చేస్తున్నాడని ఒకటి. నేల తవ్వితే లంకెబిందె తగిలిందని రెండోది. మూడోది దర్జీ భార్య గురించి. అది చెప్పేటప్పుడు ఎదురింటావిడ గొంతు బాగా తగ్గించేది, అందుకే అందరికీ స్పష్టంగా వినపడేది.

అసలు సంగతి వింటే ఎవరికైనా ఉసూరుమంటుంది. ఆ గదిలో ఒక మనిషి పట్టపగలు నిద్రపోవాలని చూస్తోంది. నిద్ర రావడం లేదు.

ఆ మనిషి దర్జీ భార్యే. పనిచేసేది సీసాల ఫ్యాక్టరీలో. అక్కడ ఆమెను డేగకన్ను అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో ఏ మూలో ఉండే ఉంటుంది, దానితో పిలిచిన నాథుడు లేడు. ఆ కళ్ల గురించి చెప్పాలంటే, మూడు గదుల అవతల చీమ కుంటుతుంటే ఏ కాలు బెణికిందో కూడా చెబుతుంది. పెళ్లయిన కొత్తలో దర్జీ భుజం మీద వెంట్రుకలాంటి పొడుగాటి పోగు కనపడింది ఆమెకు. అది ఎవరిదో కోటు తాలూకు ఉన్నిపోగని తేలేదాకా వారం రోజులు పాపం ఆయన చల్లారిన అన్నమే తిన్నాడు.

ఫ్యాక్టరీలో కొలిమి ఉంది. దాన్ని ఒక్క రాత్రి ఆర్పినా లోపలి గాజు గడ్డకట్టి కొలిమే పాడవుతుంది. కొలిమికి నిద్ర లేదు కాబట్టి మనుషులకూ లేదు. పొద్దుట ఆరు నుంచి రెండు దాకా ఒక షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది దాకా ఒకటి, పది నుంచి తెల్లారి ఆరు దాకా ఇంకొకటి. తయారైన సీసాలు గోరువెచ్చగా బెల్టు మీద బారులు తీరి వస్తాయి. ఒకచోట బెల్టు వెనక తెల్లటి వెలుగు పలక, దాని ముందు ఒక స్టూలు. ఆ స్టూలే డేగకన్ను సింహాసనం. పలక ముందు నుంచి సీసా వెళ్లే ఆ అర క్షణంలో గాలిబుడగ, మూతి చీలిక, గాజులో ఇరుక్కున్న రాయి, ఏదున్నా ఆమె చెయ్యి వెళ్లి సీసాను తీసి కింద తొట్టిలో పడేస్తుంది. చెయ్యి వెళ్లిన సంగతి ఆమెకే తెలియదు. గంట తను కూర్చుంటే గంట ఇంకొకామె కూర్చుంటుంది. ఆమెను డేగకన్ను వదినా అంటుంది, ఆమె కూడా ఈమెను వదినా అంటుంది. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, ఒకే స్టూలును అరగదీయడం తప్ప.

అవి మందు సీసాలు. ఎక్కువగా పిల్లల దగ్గుమందుకు వెళ్తాయి. మూతి దగ్గర చీలిక ఉంటే గాజు పలుకు మందులో పడుతుంది. ఇరవై రెండేళ్లలో తన ముందు నుంచి చీలిక సీసా ఒక్కటి కూడా దాటలేదని డేగకన్ను అందరికీ చెప్పేది. పెళ్లిచూపుల్లోనూ చెప్పేది, పరామర్శల్లోనూ చెప్పేది.

ఆ గొప్పకు బీటలు పడ్డాయి. కొత్త సూపర్వైజరు వచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయో లేదో, చేతిలో ఎప్పుడూ ఒక అట్ట, అట్టకు కాగితం. నిద్రలో కూడా ఆ అట్ట మీదే తల పెట్టుకుంటాడని వదిన అనేది. అతను ఒక పద్ధతి తెచ్చాడు. చీలిక ఉన్న సీసాల అడుగున చిన్న నీలి చుక్క పెట్టి, షిఫ్టుకు రెండు మూడు చొప్పున చెప్పకుండా బెల్టు మీదికి వదులుతాడు. స్టూలు మీది మనిషి పట్టుకుంటే సరే. నెలలో మూడు జారవిడిస్తే స్టూలు దిగి ప్యాకింగుకు పోవాలి.

గత రాత్రి వారంలో డేగకన్ను రెండు జారవిడిచింది. ఒకటి నాలుగూ ఇరవైకి, ఇంకొకటి వేరే రోజు నాలుగూ నలభైకి. నెల పూర్తవడానికి ఇంకో రాత్రి వారం మిగిలి ఉంది. ఆరు రాత్రులు. ఇంకొక్క సీసా జారితే స్టూలు పోతుంది.

"బల్బు మార్చారు వదినా, అందుకే కళ్లు చెదురుతున్నాయి," అంది డేగకన్ను.

"బల్బు పోయినేడాదిదే. మారింది నువ్వు. నిన్న నన్ను చూసి నమస్కారం సార్ అన్నావు."

అందుకే నల్ల కాగితం. ఆ ఆరు రాత్రులు గట్టెక్కాలంటే పగలు నిద్ర కావాలి. కావాలంటే వచ్చేస్తుందా. నిద్ర సుఖమెరగదని ఎవరన్నారోగానీ, అన్నవాడు రాత్రి షిఫ్టు చేసి ఉండడు.

మొదటి రోజు పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, ఎనిమిదింటికి పడుకుంది. తొమ్మిదింటికి దర్జీ కుట్టుమిషను మొదలైంది. పాపం ఆయన మిషను కాళ్ల కింద నాలుగు మడతల దుప్పటి వేశాడు. చప్పుడు తగ్గింది, కానీ గోడలో నుంచి గుండెదడ లాగా వస్తోంది. తొమ్మిదిన్నరకు అత్తగారి ఫోను. అత్తగారు గుసగుసలాడితే ఊరి పొలిమేరలో కుక్కలు లేచి నిలబడతాయి.

"మా కోడలు పడుకుందే. అందుకనే మెల్లిగా మాట్లాడుతున్నా. వినపడుతోందా? ఆఁ, మెల్లిగానే."

పదిన్నరకు తలుపు సందు చేసుకుని అదే గొంతు లోపలికొచ్చింది.

"నిద్ర పట్టిందా అమ్మాయ్?"

"పట్టింది అత్తయ్యా."

"అయితే పడుకో. మళ్లీ అరగంటకొచ్చి చూస్తాలే."

పన్నెండింటికి ఎదురింటావిడ వచ్చి వసారాలో కూర్చుని, దర్జీ భార్యకు ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉంది, పడుకుందన్నాడు దర్జీ. ఇంత పొద్దెక్కేదాకానా అంది ఆవిడ. ఆ ఒక్క ముక్కతో మంచం మీది మనిషికి రక్తం నెత్తికెక్కింది. రాత్రంతా వీళ్ల పిల్లల దగ్గుమందు సీసాలు కాపలా కాసిన మనిషి సోమరిపోతు అయింది. లేచి పోట్లాడదామా అనుకుంది. లేస్తే ఉన్న కాస్త మత్తూ పోతుంది. అటు పొర్లింది, ఇటు పొర్లింది, దిండు తిప్పింది, కాళ్లు తలవైపు పెట్టింది. మంచం కింద దూరింది, అక్కడ చీకటి చిక్కగా ఉంటుందని. చీకటి చిక్కగానే ఉంది, దోమలు కూడా. లెక్కేస్తే మూడు గంటలు నిద్రపోయింది, అదీ ముక్కలు ముక్కలుగా.

రెండో రోజు కొట్టుగదిలో గుడ్డ తానుల మధ్య పడుకుంది. దర్జీ చూసుకోకుండా వచ్చి ఆమె మోకాలును తాను అనుకుని లాగాడు.

మూడో రోజు షిఫ్టు దిగుతూ ఫ్యాక్టరీ నర్సు దగ్గరికి వెళ్లింది, నిద్రమాత్ర కోసం. నర్సు పెద్దావిడ, మాట తక్కువ. ముందు బీపీ చూసింది, సూదితో గుచ్చి షుగరు చూసింది, బరువు చూసింది. ఏ అంకె చూసినా ఆవిడ కనుబొమలు పైకే పోయాయి.

"రాత్రి ఎన్నింటికి తిన్నావు?"

"రెండున్నరకు. కడుపు నిండా. లేకపోతే ఓపిక రాదు సిస్టరమ్మా."

"ఆ టైముకు నీ కడుపు పడుకుని ఉంటుంది. నిద్రపోయేవాడి నోట్లో ముద్ద కుక్కితే ఏం చేస్తాడు?"

"కరుస్తాడు."

"కరుస్తోంది, అదే. కడుపులో మంటా, షుగరూ అన్నీ ఆ కాట్లే. చూడమ్మాయ్, ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. దానికి ముళ్లు లేవు, వెలుతురే ముల్లు. కళ్లలో ఎండ పడిందా, తెల్లారింది లే లే అంటుంది. నువ్వు పొద్దున ఆరింటికి మొహం మీద ఎండ పోసుకుంటూ నడిచి ఇంటికెళ్లి, ఎనిమిదింటికి నిద్రపొమ్మంటే అది నీ మాట వింటుందా?"

"మా ఇంట్లో ఎవరూ వినరు. అదొక్కటే ఎందుకు వింటుంది."

నర్సు మొదటిసారి నవ్వింది. తర్వాత గోడ మీది షిఫ్టుల కాగితం చూపించింది. ఈ ఫ్యాక్టరీలో పొద్దుటి వారం తర్వాత రాత్రి వారం, రాత్రి తర్వాత మధ్యాహ్నం వారం వస్తాయి. అంటే షిఫ్టు వారం వారం వెనక్కి నడుస్తోంది. ఒంటికి ఆలస్యంగా పడుకోవడం కొంచెం తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. అందుకని పొద్దుట, మధ్యాహ్నం, రాత్రి అని ముందుకు నడిపితే ఒళ్లు కాస్తయినా సర్దుకుంటుందని చెప్పింది. మార్చమని రెండుసార్లు రాశానని, కాగితం ఎక్కడికి పోయిందో తెలియదని కూడా చెప్పింది. మాత్ర ఇవ్వలేదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఇంటికెళ్లమంది. రాత్రి మూడు దాటాక టీ వద్దంది, తిండి పదింటికి ముందే కానిచ్చి మధ్యలో ఏదైనా తేలికగా తినమంది. "ఇంకోటి. నాలుగు నుంచి ఐదున్నర దాకా ఒంట్లో ఓపిక అడుగంటుతుంది. ఎవరికైనా సరే. ఆ టైములో నీ మీద నువ్వు నమ్మకం పెట్టుకోకు."

మిగతావన్నీ విందిగానీ ఆ చివరి మాట చెవికెక్కించుకోలేదు డేగకన్ను. ఎవరికైనా అంటే తనక్కూడానా?

నల్లకళ్లద్దాలు పెట్టుకుని పొద్దున్నే సందులోకి వచ్చేసరికి ఎదురింటావిడ చేతిలో చీపురు జారిపోయింది. సాయంత్రానికి డేగకన్నుకు రెండు కళ్లూ పోయాయని, గుడ్డిదాని చేత సీసాలు చూపిస్తున్నారని కథ నడిచింది. పరామర్శకు ఇద్దరు వచ్చి ఆమె మొహం ముందు వేళ్లు ఆడించి చూశారు. ఆ రోజు నాలుగు గంటలు పడుకుంది. కథ పుట్టకపోతే ఐదు పడుకునేది.

నాలుగు రాత్రులు గడిచాయి. నీలి చుక్క సీసాలన్నీ దొరికాయి. ఎలా దొరికాయంటే, తొడ గిచ్చుకుంది, నాలుక కొరుక్కుంది, చెప్పులో గులకరాయి వేసుకుంది. కళ్లలో వత్తులు వేసుకుని చూసిందని ఊరికే అంటారు మనుషులు. ఆమె కళ్లు చూస్తే ఆ వత్తులకు నూనె కూడా అయిపోయిందని తెలుస్తుంది.

ఐదో రాత్రి నాలుగింటికి వదిన లేచి స్టూలు ఇచ్చింది. డేగకన్ను కూర్చుంది. మొదటి పావుగంట బాగానే ఉంది. ఆ తర్వాత ఒక సీసా మూతి మీద సన్నగా గీత కనిపించింది. తీసి పడేసింది. పక్కదానికీ గీతే. పడేసింది. దాని వెనకదానికి, దాని వెనకదానికి, వస్తున్న ప్రతిదానికీ మూతి మీద వెంట్రుకంత చీలిక. కొలిమికి ఏదో అయిందనుకుంది. వీటిలో ఒక్కటి వదిలినా స్టూలు పోతుందనుకుంది. రెండు చేతులతో తీసి పడేస్తోంది. తొట్టిలో గాజు పగిలే చప్పుడు ఆగకుండా మోగుతోంది. బెల్టు చివర బండిలో సీసాలు పేర్చేవాడు కాసేపు ఖాళీ బెల్టును చూసి, "ఏంటమ్మా, మధ్యలో నువ్వు గానీ తినేస్తున్నావా?" అని కేకేశాడు.

సూపర్వైజరు అట్టతో సహా పరిగెత్తుకొచ్చాడు. బెల్టు ఆపించి, మందపాటి చేతితొడుగులు వేసుకుని తొట్టి వెతికాడు. మూడు వందల పైచిలుకు సీసాలు. వాటి మధ్య నీలి చుక్కవి రెండూ ఉన్నాయి. అతని మొహం విచ్చుకుంది.

"రెండూ పట్టేశావక్కా. రూలు ప్రకారం నీకు ఢోకా లేదు. మిగతావి పోతే పోయాయి, కరిగించి మళ్లీ పోస్తాం."

డేగకన్ను తొట్టి మీదికి వంగింది. పగలకుండా మిగిలిన సీసాలు ఒక్కొక్కటీ తీసి పలక ముందు తిప్పి చూసింది. మొదటిదానికి ఏమీ లేదు. రెండోదానికి ఏమీ లేదు. పదిహేను చూసింది. గాజు మంచినీళ్లలా ఉంది. ఇందాక తను చూసిన చీలికలు ఎక్కడా లేవు.

లేనివి కనపడ్డాయి. అంటే ఇంతకుముందు ఎన్ని రాత్రులు ఉన్నవి కనపడకుండా పోయాయి? నీలి చుక్కవి రెండు జారితే అతను రాసుకున్నాడు. చుక్క లేనివి ఎన్ని జారాయో ఎవరు రాసుకున్నారు? అవి ఏ ఇంట్లో, ఏ పిల్ల నోటి దగ్గర ఉన్నాయి?

"రాసుకో బాబూ. ఈ రెండూ నేను వదిలేసినట్టు రాసుకో."

"అదేంటక్కా, తొట్టిలో ఉన్నాయిగా."

"నేను పట్టలేదు. కళ్లు మూసుకుని ఊడ్చేశాను. చీపురు పట్టుకుందని రాస్తావా?"

"అక్కా, ఆలోచించుకో. స్టూలు పోతుంది."

"నీ దగ్గర పెన్ను లేకపోతే చెప్పు, వదిన దగ్గరుంది."

అతను రాశాడు. వదిన స్టూలు మీద కూర్చోబోతూ, "నీకు పిచ్చి. ఒట్టి పిచ్చి," అంది మెల్లిగా. ఆ మెల్లిగా అన్నది ఏడుస్తున్నట్టు ఉంది.

అలా డేగకన్ను ప్యాకింగులో పడింది. ప్యాకింగు పగటి పనే. రాత్రి సీసాలు బండ్లలో అలాగే ఆగి ఉంటాయి, ప్రతి బండికీ గంట రాసిన చీటీ వేలాడుతుంది. పొద్దున వచ్చినవాళ్లు వాటిని పెట్టెల్లో సర్ది మూస్తారు.

"డేగ వచ్చి కోళ్ల గూట్లో పడిందే," అంది ప్యాకింగు ఆడవాళ్లలో ఒకావిడ.

"జాగ్రత్త మరి, గుడ్లు లెక్కపెట్టుకోండి," అంది డేగకన్ను. నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. రోజూ బెల్టు వైపు చూడకుండా ఉండటానికి మెడ నొప్పి పుట్టేది. చెయ్యి ఊరికే ఉండేది కాదు, గాలిలో ఏదో తీస్తున్నట్టు కదిలేది. ఇంట్లో గ్లాసు వెలుగుకు పెట్టి తిప్పి చూస్తుంటే దర్జీ భయపడి స్టీలు గ్లాసులు కొన్నాడు.

నిద్ర కూడా అలిగిన చుట్టంలా గుమ్మం దగ్గరే నిలబడింది. రాత్రి పదింటికి పడుకుంటే రెండింటికి కళ్లు టపీమని తెరుచుకునేవి. పగలు అన్నం ముందు కూర్చుంటే తల పళ్లెంలోకి వాలేది. రాత్రి ఇంటిల్లిపాదీ గుర్రు పెడుతుంటే ఒక్కతే గది కొలిచేది, అటు పదకొండు అడుగులు, ఇటు పదకొండు. "పగలు నిద్ర లేదని ఏడ్చావు, రాత్రి ఇస్తే ఇదీ వద్దంటావు, నీకేం కావాలే?" అని దర్జీ దుప్పట్లోంచి అడిగాడు. ఆమెకే తెలిస్తేగా. మూడో వారంలో ఒక రాత్రి ఎప్పుడు కన్ను మూసిందో, లేచేసరికి నాలుగున్నర. మధ్యలో ఏం జరిగిందో గుర్తు లేదు. అత్తగారు తలుపు తీసి నిద్ర పట్టిందా అని అడిగినా తెలియలేదట. ఆవిడ కంగారుపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

ఆ రోజు ప్యాకింగులో నాలుగు గంటల చీటీ ఉన్న బండి ఆమె ముందుకొచ్చింది. సీసా పెట్టెలో పెట్టబోతే చెయ్యి ఆగింది. వెలుగు పలక లేదు, స్టూలు లేదు, మామూలు పగటి వెలుతురు. మూతి దగ్గర సన్నటి చీలిక. గోరుతో తడిమితే తగిలింది, నిజమైనదే. అదే బండిలో ఇంకొకటి దొరికింది. రెండింటికీ గంట రాసిన చీటీలు చుట్టి, తిన్నగా వెళ్లి సూపర్వైజరు గది కిటికీ గట్టు మీద పెట్టింది. మర్నాడు ఇంకో మూడు పెట్టింది. అతను అట్ట మీంచి తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. ప్యాకింగు ఆడవాళ్లు, స్టూలు పోయిందని కసి తీర్చుకుంటోందన్నారు. వదిన వచ్చి, "మా కడుపు కొడుతున్నావా వదినా? ఈ వారం ఆ టైములో కూర్చునేది నేనేగా," అని నిలదీసింది.

"నీ పేరు రాయలేదు. గంట రాశాను."

"రెండూ ఒకటేగా."

"ఒకటి కాదని చూపించడానికే పెడుతున్నా. కాస్త ఓర్చుకో."

వదిన మూడు రోజులు మాట్లాడలేదు. కిటికీ గట్టు నిండింది, రెండో గట్టు మొదలైంది. పన్నెండో రోజుకు ముప్పై ఒక్క సీసాలు. ఆ మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి వెళ్తుంటే సూపర్వైజరు పిలిచాడు. సీసాలన్నీ బల్ల మీద గంటల వారీగా పేర్చి ఉన్నాయి. మిగతా గంటల ముందు ఒకటీ అరా. నాలుగు నుంచి ఐదున్నర దాకా ఉన్న చోట ఇరవై ఆరు.

"ఆ పన్నెండు రోజుల్లో ఆ టైముకు స్టూలు మీద ఐదుగురు మారారక్కా," అన్నాడు. "వయసులో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఐదుగురూ వదిలేశారు."

"నర్సమ్మ ముందే చెప్పింది. నేనే వినలేదు, డేగనని."

అతను అట్ట పక్కన పెట్టాడు. అట్ట లేని అతని చేతుల్ని ఆ రోజే చూసింది ఆమె. గోళ్లు కొరికి కొరికి మొదలంటా అరిగిపోయి ఉన్నాయి. అతను కూడా రాత్రి వారం చేస్తాడు కదా మరి.

"మళ్లీ స్టూలు ఎక్కు అక్కా."

ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్క గదిలో నర్సుకు వినపడి ఉండాలి. చెయ్యి అప్పుడే స్టూలు ఎత్తు సరిచూసుకుంటోంది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుంది.

"నాలుగు దాటాక ఇరవై నిమిషాలకోసారి మనిషి మారాలి. అంతకుముందు ఒక్కొక్కరికీ అరగంట పడుకోవడానికి మంచం వెయ్యాలి. షిఫ్టు ముందుకు నడవాలి, వెనక్కి కాదు."

"మొదటి రెండూ ఈ రాత్రి నుంచే పెడతా. మూడోది పైవాళ్ల చేతిలో ఉంది. ఈ సీసాలన్నీ పట్టుకెళ్లి చూపిస్తా." అట్ట మళ్లీ తీసుకున్నాడు. "నువ్వు వస్తావా రావా ఇప్పుడే చెప్పు. కాగితంలో రాయాలి."

వస్తానని నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున ఆరు నుంచి నిలబడే ఉంది, కాళ్లు లాగుతున్నాయి, కళ్లు మండుతున్నాయి. ఇలాంటప్పుడు చూసిన గీతల మీద నమ్మకం పెట్టుకోవడం ఆమె మానేసింది.

"ఇప్పుడు చెప్పను. రాత్రి నిద్రపోయి, లేచి చెప్తా."

"కాగితంలో ఏం రాయమంటావు మరి?"

"అదే రాయి," అని డేగకన్ను ఇంటికి బయల్దేరింది.